కౌన్సెలర్ గదిలో జరిగేది

ప్రియమైన పిల్లలకు,

మీలో ఇద్దరు ముగ్గురు ఈమధ్య నన్ను ఒకే సంగతి అడిగారు. కాలేజీలో కౌన్సెలర్ పని అంటే పొద్దస్తమానం ఎదుటివాళ్ల కష్టాలు వినడమే కదా, దానికి ప్రత్యేకంగా చదువెందుకు అని. ఒకరికైతే ఈ పనిలోకే రావాలని ఉందట. ఫోన్లో రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను.

నేను చూసేది రెండు రకాల విషయాలు: వ్యక్తిగతం, కెరీర్. చాలామంది కెరీర్ అన్న మాట పట్టుకునే లోపలికి వస్తారు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని చెప్పుకోవడానికి మొహమాటపడే పిల్లలు, ఏ కోర్సు తీసుకోవాలని అడగడానికి మొహమాటపడరు. అందుకే వాళ్లు అడిగిన ప్రశ్నకు విలువిస్తూనే, దాని వెనక ఇంకేమైనా ఉందా అని కనిపెట్టుకుని ఉండాలి. ఏమీ లేకపోవచ్చు కూడా. కొందరికి రెజ్యూమె సరిచేసి, ఇంటర్వ్యూకి కాస్త సాధన చేయిస్తే చాలు. అలాంటివాళ్లను కూర్చోబెట్టి చిన్ననాటి సంగతులు తవ్వడం తప్పని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ చెబుతాను. ఇది ఏ ఒక్కరి కథా కాదు, చాలామందిలో చూసినవి కలిపి చెబుతున్నాను. ఆఖరి సంవత్సరం కుర్రాడు. నోట్‌బుక్‌లో పేజీ మధ్యన గీత గీసి, ఒకవైపు ఉద్యోగం వల్ల లాభాలు, ఇంకోవైపు పై చదువు వల్ల లాభాలు రాసుకొచ్చాడు. "రెండూ సమానంగా ఉన్నాయి మేడమ్, ఏదో ఒకటి మీరే చెప్పండి" అన్నాడు. చూస్తే చదువు వైపు రాసిన అక్షరాలు గుండ్రంగా, ఓపిగ్గా ఉన్నాయి. ఉద్యోగం వైపు గబగబా రాసేసినట్టున్నాయి. ఆ మాట నేను అనలేదు. "ఈ పేజీలో రాయకుండా వదిలేసింది ఏదైనా ఉందా?" అని మాత్రం అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆ తర్వాత, నాన్నకు ఆరోగ్యం బాగుండటం లేదని, ఇంట్లో ఎవరూ తనను ఉద్యోగంలో చేరమనకపోయినా చదువుకుంటానని అనడానికి సిగ్గుగా ఉందని చెప్పాడు.

ఆ నిశ్శబ్దాన్ని భరించడం నేర్చుకోవడానికే సగం చదువు సరిపోతుంది. ఎదుటివాళ్లు ఆగగానే ఏదో ఒకటి అనేయాలని మనకు నోరు ఊరుకోదు. "ఏం ఫర్వాలేదు, అన్నీ సర్దుకుంటాయి" అంటాం. అనగానే వాళ్లు అక్కడితో ఆపేస్తారు. సర్దుకుంటాయని మనకేం తెలుసు? దానికి బదులు, విన్నది విన్నట్టుగా మన మాటల్లో తిరిగి చెప్పి, సరిగ్గా అర్థం చేసుకున్నానా అని అడగాలి. 1940లు, 50లలో కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త ఈ పద్ధతికి పునాది వేశాడు. ఎదుటి మనిషిని ఏ షరతులూ లేకుండా గౌరవించాలి, వాళ్ల కళ్లతో చూడటానికి ప్రయత్నించాలి, మనం మనలాగే ఉండాలి. ఆయన గట్టిగా చెప్పినవి ఈ మూడు. చదవడానికి తేలిగ్గానే ఉంటాయి. మనకు బొత్తిగా నచ్చని పని చేసొచ్చిన విద్యార్థి ఎదురుగా కూర్చున్నప్పుడు వాటి బరువు తెలుస్తుంది.

ఇంతకీ ఆ కుర్రాడికి నేను ఇది చెయ్యి, అది చెయ్యి అని చెప్పలేదు. నాన్న ఆరోగ్యం గురించి డాక్టర్ ఏమన్నారో నీకు తెలుసా అన్నాను. తెలియదన్నాడు. సీటు ఇచ్చిన చోట చేరికను ఏడాది వాయిదా వేసే వీలుందేమో అడిగావా అన్నాను. అడగలేదు. రెండే దారులున్నాయనుకుని నలిగిపోతున్న మనిషికి మూడోది ఉందేమో వెతుక్కునే ఓపిక తెప్పించగలిగితే, ఆ గంటలో నేను చేయాల్సింది చేసినట్టే. ఎంచుకోవాల్సింది అతను, ఆ ఎంపికతో బతకాల్సిందీ అతనే. నేను చెప్పిన దారిలో వెళ్లి బాగుపడినా, రేపు ఇంకో మలుపు దగ్గర మళ్లీ ఎవరో ఒకరు చెప్పాలని ఎదురుచూస్తాడు. నాకది ఇష్టం లేదు.

కెరీర్ వైపు పనికీ పెద్ద చరిత్రే ఉంది. 1908లో అమెరికాలోని బోస్టన్‌లో ఫ్రాంక్ పార్సన్స్ అనే ఆయన, యువతకు వృత్తి ఎంచుకోవడంలో సాయపడే కేంద్రం ఒకటి మొదలుపెట్టాడు. అదే ఏడాది చనిపోయాడు కానీ ఆయన చెప్పిన మూడు మెట్లు ఇప్పటికీ వాడుతున్నాం. నిన్ను నువ్వు తెలుసుకో, పనుల గురించి తెలుసుకో, ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి నిజాయితీగా ఆలోచించు. వీటిలో పిల్లలు ఎక్కువగా తడబడేది రెండో మెట్టు దగ్గర. ఉద్యోగం పేరు తెలుసు, జీతం తెలుసు. ఆ ఉద్యోగంలో ఉన్న మనిషి పొద్దున్న పదింటికి ఏం చేస్తూ ఉంటాడో తెలియదు. అందుకని ఆ పని చేస్తున్న ఎవరితోనైనా అరగంట మాట్లాడి రమ్మంటాను. నిన్న మీ రోజు ఎలా గడిచింది, ఈ పనిలో మీకు విసుగు పుట్టించేదేమిటి, మళ్లీ మొదలుపెడితే ఏం మార్చుకుంటారు అని అడగమంటాను. ఏ కరపత్రంలోనూ దొరకని సమాచారం ఆ అరగంటలో దొరుకుతుంది.

ఏ పని నప్పుతుందో చూసుకోవడానికి పెట్టే టెస్టుల గురించీ చెప్పాలి. 1959లో జాన్ హాలండ్ అనే అమెరికా మనస్తత్వవేత్త మనుషుల ఆసక్తులను ఆరు రకాలుగా విడదీశాడు: చేతిపని, పరిశోధన, కళ, మనుషులతో కలిసి చేసే సేవ, నాయకత్వం-వ్యాపారం, పద్ధతి ప్రకారం నడిచే ఆఫీసు పని. మనలో ఒక్కో రకం ఒక్కో మోతాదులో ఉంటుంది. ఇవాళ వాడుతున్న చాలా ఆసక్తి పరీక్షలకు ఇదే ఆధారం. అవి చెప్పేది మీకు ఏది ఇష్టమో. దాంట్లో మీరు ఎంత సమర్థులో చెప్పవు. ఫలితం చేతికి రాగానే నేను అడిగేది ఒక్కటే: "ఇందులో నీకు ఆశ్చర్యంగా అనిపించింది ఏది?" అసలు మాటలు అక్కడ మొదలవుతాయి.

ఇక గోప్యత. ఆ గదిలో చెప్పింది బయటికి పోదు. దీనికి మినహాయింపులున్నాయి, వాటిని మొదటి రోజే, మొదటి పది నిమిషాల్లోనే చెప్పాలి. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే, ఇంకొకరికి హాని జరిగేలా ఉంటే, చిన్నపిల్లల మీద అఘాయిత్యం జరుగుతోందని తెలిస్తే, చట్టం అడిగితే మౌనంగా ఉండలేం. తల్లిదండ్రులు ఫోన్ చేసి "మా అమ్మాయి మీ దగ్గరికి వస్తోందా అండీ?" అని అడిగినప్పుడు, వయసొచ్చిన అమ్మాయి ఒప్పుకోకుండా అవుననీ కాదనీ చెప్పకూడదు. ఆ గొంతులో ఆందోళన వినిపిస్తూనే ఉంటుంది. వాళ్లు చెప్పేది శ్రద్ధగా వినొచ్చు, మనం మాత్రం ఏమీ చెప్పకూడదు. అమ్మాయితోనే నేరుగా మాట్లాడమని మెల్లగా చెబుతాను.

ఇంకోటి కూడా దాచకుండా రాస్తాను. బతకాలని లేదన్న మాట ఎవరి నోటైనా చూచాయగా వచ్చినా, దాటేయకూడదు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా, నెమ్మదిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అలా అడగడం వల్ల ముప్పు పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. అడిగాక చాలామందికి గుండె బరువు కొంత దిగుతుంది. అప్పుడిక ఒంటరిగా వదలకుండా, నమ్మకమైన మనిషిని పిలిపించి, వైద్యుల దగ్గరికి చేర్చాలి. మందులు రాయడం కౌన్సెలర్ పని కాదు. రెండు వారాలు దాటినా దిగులు వదలక, తిండీ నిద్రా చెడి, చదువు ముందుకు సాగకపోతే సైకియాట్రిస్ట్‌ను కలవమని చెప్పాల్సిందే. మీ స్నేహితుల్లో ఎవరైనా ఇలా మాట్లాడితే, ఎవరికీ చెప్పనని ఒట్టు వేసినా సరే, వెంటనే ఒక పెద్దవాళ్లకు చెప్పండి.

మీలో ఎవరికైనా మనసు బాగోకపోతే నా దగ్గరికి రండి, వింటాను. కానీ నేను మీకు పెద్దమ్మను. మీ కౌన్సెలర్‌ను కాలేను. మీ అమ్మానాన్నలు నాకు తెలుసు, మీరు బాగుండాలన్న ఆశ నాకు గట్టిగా ఉంది, ఆ ఆశే నా చెవులకు అడ్డం వస్తుంది. అందుకే సొంతవాళ్లకు ఈ పని చేయకూడదంటారు. మీ కాలేజీలో కౌన్సెలర్ ఉంటే వెళ్లండి. ఏం మాట్లాడాలో ముందే సిద్ధం చేసుకోనక్కర్లేదు, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదని చెప్పినా చాలు. రెండు మూడుసార్లు వెళ్లినా కుదరడం లేదనిపిస్తే ఇంకొకరి దగ్గరికి మారొచ్చు. దానికి ఎవరూ నొచ్చుకోకూడదు.

ఈ పనిలోకి రావాలనుకుంటున్న వాళ్లకు: సైకాలజీ చదువు ఒక్కటే చాలదు, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో మనుషులతో పనిచేసిన గంటలు కావాలి. ఉద్యోగం వచ్చాక కూడా క్లిష్టమైన కేసులను, పేర్లు చెప్పకుండా, సీనియర్‌తో చర్చించుకుంటూనే ఉంటాం. లేకపోతే ఆ బాధలన్నీ మనతోపాటు ఇంటికొస్తాయి. చేరబోయే కోర్సులో అలాంటి పర్యవేక్షణ ఎన్ని గంటలు ఉంటుందో, ఎవరు చేస్తారో కనుక్కుని నాకు రాయండి. రెండు మూడు కోర్సులు పోల్చి చూద్దాం.

ప్రేమతో,
మీ పెద్దమ్మ