తోటల్లా కనిపించే చెరకు ఊళ్లు: వలస బ్రెజిల్ చిత్రాలపై అపోహలు - వాస్తవాలు

చిత్రకళా చరిత్ర తరగతిలో, పదిహేడో శతాబ్దపు డచ్ చిత్రకారుడు ఫ్రాన్స్ పోస్ట్ వేసిన బ్రెజిల్ బొమ్మ తెరమీద వేసిన ప్రతిసారీ పిల్లల నోట ఒకే మాట వస్తుంది: "ఎంత హాయిగా ఉందండీ ఈ ఊరు!" నిజమే, చూడ్డానికి హాయిగానే ఉంటుంది. మూడింట రెండు వంతులు ఆకాశమే. దూరాన నీలంలో కలిసిపోయే చెట్లు, తెల్లగోడల చిన్న చర్చి, పక్కనే చెరకు గానుగ, మట్టిదారిలో నెత్తిన బుట్టలతో నడిచిపోతున్న మనుషులు. ఆ మనుషులు ఆఫ్రికా నుంచి ఓడల్లో తెచ్చి అమ్మిన బానిసలని చెప్పాక మళ్లీ చూడమంటాను.

ఈ బొమ్మలంటే నాకు ఎంతో ఇష్టం. అందుకే వీటి గురించి తరచూ వినే కొన్ని మాటల్ని సరిచేయాలనిపించి ఇది రాస్తున్నాను.

ముందు కాస్త నేపథ్యం. 1630లో డచ్ వెస్ట్ ఇండియా కంపెనీ ఈశాన్య బ్రెజిల్‌లోని పెర్నంబుకును పోర్చుగీసుల చేతుల్లోంచి లాక్కుంది. అక్కడ పండే చక్కెర కోసమే. 1637 జనవరిలో యోహన్ మౌరిత్స్ గవర్నరుగా అక్కడి రేవు పట్నం రెసిఫేలో దిగాడు. తన వెంట ఇద్దరు చిత్రకారుల్ని తెచ్చుకున్నాడు. ఊళ్లూ కోటలూ గీయడానికి 24 ఏళ్ల ఫ్రాన్స్ పోస్ట్, మనుషుల్నీ పళ్లనూ గీయడానికి అల్బర్ట్ ఎక్‌హౌట్. 1644లో గవర్నరు తిరిగి వెళ్లిపోయాడు. 1654లో ఆ వలస ప్రాంతం మళ్లీ పోర్చుగీసుల వశమైంది. మన బందరులో వలందపాలానికి పేరు తెచ్చిన డచ్చివారు వేరే కంపెనీ మనుషులు. వాళ్లది 1602లో పుట్టిన ఈస్ట్ ఇండియా కంపెనీ, బ్రెజిల్‌కు వెళ్లిన ఈ వెస్ట్ ఇండియా కంపెనీ 1621లో పుట్టింది. రెండింటినీ కలిపేసి రాసినవి చాలాసార్లు చదివాను.

అపోహ: పోస్ట్ అక్కడే నిలబడి, చూసింది చూసినట్టు వేశాడు.

పోస్ట్ పేరుమీద ఇప్పుడు సుమారు 150 చిత్రాలు లెక్కకొస్తాయి. వాటిలో బ్రెజిల్‌లో ఉండగా వేసినవి ఏడే మిగిలాయి. తక్కినవన్నీ సొంత ఊరు హార్లెమ్‌కు తిరిగొచ్చాక, పాత స్కెచ్‌లు ముందు పెట్టుకుని వేసినవి. అట్లాంటిక్‌కు ఇవతల కూర్చుని, పాతికేళ్ల తర్వాత కూడా బ్రెజిల్‌నే గీస్తూ వచ్చాడు.

ఆ ఏడింటినీ, తర్వాతి వాటినీ పక్కపక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. 1637లో వేసిన ఇటమరకా ద్వీపం బొమ్మ చూడండి. యూరప్‌లో శిక్షణ పొందిన చిత్రకారుడు అమెరికా ఖండాల్లో వేసిన తైలవర్ణ ప్రకృతి చిత్రాల్లో మనకు తెలిసినంతవరకు మొదటిది అదే. అందులో అలంకారమేమీ లేదు. బూడిదరంగు వెలుగు, చదునైన నీళ్లు, అవతల ఒడ్డు, దాదాపు ఖాళీగా ఉన్న నేల. కొత్త చోటును అర్థం చేసుకోవడానికి తంటాలు పడుతున్న కన్ను కనిపిస్తుంది. హార్లెమ్‌లో వేసినవాటికి వస్తే, ఒక మూలన ముదురు నీడలో గుబురుగా మొక్కలు, వాటి మధ్య ఆర్మడిల్లోనో పామో, ఆ నీడ దాటగానే వెలుగు నిండిన లోయ. ముందుభాగాన్ని చీకటి చేసి చూపును లోపలికి లాగే ఈ పద్ధతి పోస్ట్ కనిపెట్టింది కాదు. అప్పటికే యూరప్‌లో బాగా నలిగిన పద్ధతి. దూరదేశపు వింతలు గోడకు తగిలించుకోవాలనుకున్న డచ్ ధనికులు కొనుక్కున్నది ఇలాంటి బొమ్మల్నే. వలస చేజారిపోయాక కూడా గిరాకీ తగ్గలేదు. పోగొట్టుకున్న చోటు గోడమీద ఇంకా అందంగా తయారైంది. అందుకే పోస్ట్ చిత్రం ఎదురైతే నేను ముందు దాని కింద వేసిన సంవత్సరం చూస్తాను, తర్వాతే బొమ్మ.

ఇటమరకా చిత్రంలో ఇంకో సంగతి ఉంది. దానితోపాటు ఆ కాలపు రాత ఒకటి మనదాకా వచ్చింది. ద్వీపం పేరు, కొండమీద ఊరు, నీటి ఒడ్డున ఆరెంజ్ కోట, పోర్చుగీసులు గుర్రమెక్కే తీరు అన్నీ అందులో చెప్పారు. బొమ్మలో పోర్చుగీసులతోపాటు ఆఫ్రికన్లు కూడా ఉన్నారు. వాళ్ల గురించి ఆ రాతలో ఒక్క మాట లేదు.

అపోహ: ఈ చిత్రాలు అప్పటి ప్రశాంతమైన పల్లె బతుకును చూపిస్తాయి.

నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే అపోహ ఇది. చెరకు గానుగ, బెల్లం వండే పొయ్యి దగ్గర ఒక్క పూట నిలబడినవాళ్లెవరూ ఈ మాట నమ్మరు. ఆ సెగ ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు.

బ్రెజిల్ గానుగలో నిలువుగా మూడు రోలర్లు ఉండేవి. నీటిచక్రమో ఎద్దులో తిప్పేవి. కోసిన చెరకు ఒకటి రెండు రోజుల్లో ఆడకపోతే రసం పులిసిపోతుంది కాబట్టి, కోతల కాలమంతా, అంటే ఏడాదిలో చాలా నెలలపాటు, గానుగ రాత్రీ పగలూ ఆగేది కాదు. నిద్రమత్తులో చెరకు పెట్టేవాళ్ల వేళ్లు రోలర్ల మధ్య ఇరుక్కునేవి. వేళ్ల వెనక చెయ్యి, చేతి వెనక మనిషి. అలా జరిగితే చెయ్యి నరకడానికి గానుగ పక్కనే గొడ్డలి ఉంచేవాళ్లని ఆ కాలపు తోటల గురించి రాసినవాళ్లు చెప్పారు. పిండిన రసాన్ని వరసగా రాగి కాగుల్లో మరిగించేవాళ్లు. చిక్కబడ్డ పాకాన్ని గరాటులాంటి మట్టి అచ్చుల్లో పోసి, పైన తడిమట్టి కప్పి, మడ్డి కారిపోయేదాకా వారాల తరబడి ఉంచేవాళ్లు. యూరప్ బల్లమీదికి తెల్ల చక్కెర చేరడానికి వెనక ఇంత పని ఉంది.

ఇప్పుడు మళ్లీ బొమ్మ చూడండి. గానుగ ఇల్లు ఉంది, నీటిచక్రం ఉంది, యజమాని ఇల్లు, చర్చి ఎక్కడివక్కడ ఉన్నాయి. కట్టడాలను పోస్ట్ శ్రద్ధగా గీశాడు. ఆ కాలపు చక్కెర తోట ఎలా అమర్చి ఉండేదో తెలుసుకోవడానికి చరిత్రకారులు ఇప్పటికీ ఆయన గీసినవి చూస్తారు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి దూరం పెరుగుతుంది. వేలెడు పొడవు కూడా ఉండరు. బుట్టలు మోస్తుంటారు, దారిలో ఆగి మాట్లాడుకుంటుంటారు, కొన్ని చిత్రాల్లో నాట్యం చేస్తుంటారు. ఎవరి ముఖమూ తెలియదు. ఆయన బానిసల్ని చూపలేదనడం తప్పు, దాదాపు ప్రతి బొమ్మలో ఉన్నారు. వాళ్లు చేసిన పనిని మాత్రం సంతకు పోయే నడకలా మార్చేశాడు.

అపోహ: మౌరిత్స్ కళాపోషకుడు, బానిస వ్యాపారంతో ఆయనకేం పని?

ఆయన పండితుల్ని పోషించాడు, తోటలు వేయించాడు. అదే మనిషి 1637లో రెసిఫే నుంచి ఓడలు పంపి పశ్చిమాఫ్రికాలోని ఎల్మినా కోటను పోర్చుగీసుల నుంచి పట్టించాడు. 1641లో అంగోలాలోని లువాండా కూడా డచ్చివారి వశమైంది. రెండూ బానిసల్ని ఓడలెక్కించే రేవులే. 1636 నుంచి 1645 దాకా ఆ కంపెనీ బ్రెజిల్‌లో అమ్మిన ఆఫ్రికన్లు 23 వేల పైచిలుకు. హేగ్‌లో ఆయన కట్టించుకున్న మౌరిత్స్‌హౌస్‌ను చక్కెర మేడ అని వెక్కిరించేవాళ్లు. ఇప్పుడది పేరున్న మ్యూజియం. దాని నిర్మాణంలో పాలుపంచుకున్న వాస్తుశిల్పి పీటర్ పోస్ట్, మన చిత్రకారుడి అన్న. ప్రవేశమందిరంలో ఉన్న మౌరిత్స్ ప్రతిమ నకలును తీసేయడంపై 2018లో నెదర్లాండ్స్‌లో పెద్ద వాదన నడిచింది. మరుసటి ఏడాది బ్రెజిల్‌లో ఆయన పాత్ర గురించి ఆ మ్యూజియమే ఒక ప్రదర్శన పెట్టింది.

అపోహ: అయితే ఇవన్నీ అబద్ధాలే, చరిత్రకు పనికిరావు.

ఇంత చెప్పాక విద్యార్థులు ఈ కొసకు దూకుతారు. అదీ సరికాదు. హార్లెమ్‌లోని ప్రాంతీయ ఆర్కైవ్స్‌లో పోస్ట్ గీసిన జంతువుల బొమ్మలు 34 బయటపడ్డాయి. 2016లో ఆమ్‌స్టర్‌డ్యామ్‌లోని రైక్స్ మ్యూజియంలో వాటిని ప్రదర్శించారు. తర్వాతి చిత్రాల్లో మూలన కనిపించే జంతువుల వెనక బ్రెజిల్‌లో చేసిన పరిశీలన ఉందని వాటితో రుజువైంది. క్యాపిబారా అనే పెద్ద ఎలుకజాతి జంతువు ఒంటిమీద జుట్టును అంత ఓపికగా గీసిన చెయ్యి, చెరకు తోటలో మనిషి ముఖం దగ్గర ఎందుకు ఆగలేదన్న ప్రశ్న ఆ బొమ్మలు చూశాక నాకు ఇంకా బలపడింది.

అపోహ: ఎక్‌హౌట్ వేసినవి ఫలానా మనుషుల చిత్తరువులు.

నిలువెత్తు బొమ్మలు, నేరుగా మన కళ్లలోకి చూస్తాయి, కాబట్టి అలా అనిపిస్తుంది. కానీ ఒక్కొక్కటీ ఒక్కో జాతికి నమూనాగా అమర్చింది. 1654లో మౌరిత్స్ వాటిని డెన్మార్క్ రాజుకు కానుకగా ఇచ్చాడు. ఇప్పుడు కోపెన్‌హాగన్‌లోని నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ మనుషుల పేర్లు ఎక్కడా లేవు.

అపోహ: ఫ్రెంచి వాళ్లు గోడలకు వేలాడదీయడానికి నేసిన "ఇండీస్" బొమ్మల తెరలు మన దేశం గురించి.

కావు. 1679లో మౌరిత్స్ ఫ్రాన్స్ రాజు 14వ లూయీకి పంపిన బ్రెజిల్ బొమ్మల ఆధారంగా పారిస్‌లోని గోబెలాఁ నేతశాలలో వాటిని నేశారు. మాల్టా రాజధాని వాలెట్టాలో ఒక పూర్తి వరస ఉంది. బ్రెజిల్ అడవిలో ఆఫ్రికా జీబ్రా కనిపిస్తే ఆశ్చర్యపోకండి. నేతశాల కోరుకున్నది వింతల్ని, ఆ వింత ఎక్కడిదన్న పట్టింపు లేదు.

అపోహ: ఓలిండా శిథిలాల చిత్రం కాలం చేసిన గాయానికి గుర్తు.

రైక్స్ మ్యూజియంలోని ఈ పెద్ద చిత్రం 1662 నాటిది. ఒక పక్క కూలిన పెద్ద చర్చి, రాళ్ల సందుల్లో మొలిచిన మొక్కలు, ముందు చీకట్లో జంతువులు. ఇటలీ శిథిలాల బొమ్మలు చూడ్డానికి అలవాటుపడ్డవాళ్లు దీన్నీ అలాగే చదువుతారు, వందల ఏళ్లు గడిచి కూలిందనుకుంటారు. ఓలిండా అప్పటి పెర్నంబుకు ముఖ్యపట్నం. పోస్ట్ బ్రెజిల్‌లో కాలు పెట్టడానికి అయిదేళ్ల ముందు, 1631 నవంబరులో, డచ్ సేనలే దానికి నిప్పు పెట్టి వెళ్లిపోయాయి.