రాయి నూరేళ్లుంటే మేకు ఎన్నాళ్లుండాలి?

ఉత్తర వేల్స్‌లోని పెన్రిన్ గని పలకలతో కప్పిన పాత ఇంటి మీంచి ఒక్కో పలక జారిపడుతోందంటే, చాలాసార్లు తప్పు రాయిది కాదు, మేకుది. నూరేళ్లు ఎండావానల్లో ఉన్న పలకను మళ్లీ పరచొచ్చు. దాన్ని పట్టుకున్న ఇనుప మేకు మాత్రం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. అక్కడి పనివాళ్లు దీన్ని ‘మేకు జబ్బు’ అంటారు.

మన మంగుళూరు పెంకుకు వెనక ముక్కు ఉంటుంది. రీపరుకు తగిలిస్తే తన బరువుతోనే నిలుస్తుంది. రాతి పలకకు ఆ ఆసరా లేదు. చదునైన రాయి, రెండు బెజ్జాలు, రెండు మేకులు, అంతే.

బడిలో మూడు పరీక్షనాళికల్లో మేకులు వేసి, గాలి, నీరు రెండూ ఉంటేనే తుప్పు పడుతుందని చూపిస్తారు. మంచి ప్రయోగమే. తుప్పు మేకు మీద ముందుగా ఎక్కడ పడుతుందో కూడా పిల్లల్ని అడిగితే ఎంత బాగుంటుంది! కప్పు మీద దానికి జవాబు మెడ దగ్గర, అంటే తల కింద, మేకు రాతిని దాటే చోట. పలకల మధ్య సందులోకి వాన నీరు దీపం వత్తిలో నూనెలా పైకి పాకుతుంది, ఓ పట్టాన ఆరదు. అలా తడిసి ఆరి, తడిసి ఆరి మెడ సన్నబడుతుంది. గాలికి పలక అల్లాడినప్పుడల్లా బెజ్జం అంచు ఆకురాయిలా దాన్ని ఇంకా అరగదీస్తుంది. తుప్పుకు ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి కాబట్టి అది బెజ్జం అంచునూ ఒత్తి చిట్లిస్తుంది. అలాంటి మేకును ఊడదీసి చూస్తే తల ఉంటుంది, మొన ఉంటుంది, నడుమ సూదంత మిగులుతుంది.

జింకు పూత మేకు వద్దు. సుత్తి దెబ్బకు ముందు పోయేది తల మీది పూతే. అల్యూమినియం సముద్రపు ఉప్పుగాలికి, సున్నం, సిమెంటు తగిలే చోట పనికిరాదు. స్టెయిన్‌లెస్ స్టీలు గట్టిదే. కానీ రేపు ఒక పలక పగిలితే, దాని కిందికి కత్తి దూర్చి ఆ మేకును కోయడం నరకం, పక్క పలకలూ పగులుతాయి. మిగిలింది రాగి. అది తుప్పు పట్టదు, మెత్తనిది, తేలిగ్గా తెగుతుంది. నున్నని రాగి మేకుకు చెక్కలో పట్టు తక్కువ కాబట్టి గాలి తాకిడి ఎక్కువున్న చోట 2.65 మిల్లీమీటర్లది కాకుండా 3.35 మందమున్నది తీసుకోవాలి. రీపర్లు కొత్తవే వేయాలి.

పొడవుకు లెక్క ఉంది: పలక మందానికి రెట్టింపు, దానికి 25 మిల్లీమీటర్లు కలపాలి. 6 మిల్లీమీటర్ల పలకకు 37 వస్తుంది కాబట్టి 38 మేకు. 10 అయితే 45, కాబట్టి 50 మేకు. 500×250 పలకలను 90 మిల్లీమీటర్ల కప్పుదలతో (అంటే ఒక పలక, రెండు వరసల కిందున్న పలక మీదికి వచ్చే మేరతో) పరిస్తే వరసకూ వరసకూ దూరం 205. చదరపు మీటరుకు దాదాపు 20 పలకలు, 40 మేకులు పడతాయి.

పాత పలకలో అసలు చిక్కు బెజ్జానిది. అది అరిగి పెద్దదైతే తలే దూరిపోతుంది. అప్పుడు పక్కన, అంచుకు కనీసం 20 మిల్లీమీటర్లు వదిలి, కొత్తది వేయాలి. కప్పు మీద కిందికి ఉండే ముఖాన్ని పైకి తిప్పి, అటువైపు నుంచి మొన సుత్తితో కొట్టాలి. కిటికీ అద్దానికి చిన్న రాయి తగిలితే తగిలిన వైపు చిన్న చుక్క, అవతల వైపు గరాటాలా పెచ్చు ఊడుతుందే, ఇక్కడా అదే జరుగుతుంది. దెబ్బ నుంచి పగులు గొడుగులా విచ్చుకుంటూ పోయి అవతలి ముఖం మీద చిన్న గుంట చేస్తుంది. మేకు తల కూర్చునేది ఆ గుంటలోనే. తల పైకి తేలి ఉంటే పై పలక దాని మీద ఊగి ఊగి పగులుతుంది. అందుకే మాసిన ముఖం కనపడకూడదని పలకను తిరగేసి పరచడం తప్పు, గుంట కిందికి పోతుంది. డ్రిల్లుతో వేస్తే గుంట రాదు, బెజ్జం నోరు విడిగా చెక్కాలి. మేకును బిగదీసి కొట్టొద్దు. పలక మేకుకు వేలాడాలి.

పలకను ఏరేటప్పుడు కుండను చూసినట్టే వేలితో తట్టి చూడాలి. ఖంగుమంటే మంచిది, బొదబొదమంటే పగులుంది. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దినవాళ్లకు ఆ మోత తెలుసు. మందమైనవి చూరు వైపు, పల్చనివి కొప్పు వైపు వెళ్లాలి.

బెజ్జం వేయడానికి చోటే లేని పలకకు స్టెయిన్‌లెస్ కొక్కెం ఉంది. దాని పొడవు కప్పుదలకు సరిపోవాలి, సముద్రం దగ్గరైతే 316 రకం కావాలి. ఊడిన ఒక్క పలకను తిరిగి నిలపడానికి రాగి పట్టీ వంచి తగిలిస్తారు. దాని చివర రెండు మడతలు పెట్టాలి, ఒంటి మడత మంచు బరువుకు విచ్చుకుని పలకను మళ్లీ జారవిడుస్తుంది.