లైటు ఆర్పితే బిల్లు తగ్గుతుందా? ఒక బెంగళూరు ఎలక్ట్రీషియన్ చెప్పే అపోహలు - వాస్తవాలు

మారతహళ్ళి, కేఆర్ పురం వైపు 18 ఏళ్లుగా వైరింగ్ పని చేస్తున్నాను. మాది మదనపల్లె దగ్గర. ఇక్కడ నన్ను పిలిచేవాళ్లలో సగం మంది మనవాళ్లే, ఫోన్ ఎత్తగానే "అన్నా, ఈ నెల బిల్లు చూశావా" అనే మొదలుపెడతారు. అట్టపెట్టె మీద పచ్చటి ఆకు బొమ్మ ఉంటే చాలు కొనేస్తారు, రెండు నెలలయ్యాక బిల్లు పైసా తగ్గలేదని నన్ను పిలుస్తారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: లైట్లు ఆర్పేస్తే బిల్లు దిగుతుంది

పాత బల్బుల కాలంలో సరే. ఇప్పుడు 9 వాట్ల ఎల్ఈడీ రోజూ 5 గంటలు వెలిగినా నెలకు ఒకటిన్నర యూనిట్ కూడా కాదు. అదే 2000 వాట్ల గీజరు అరగంట కాగితే ఒక యూనిట్ అయిపోతుంది. పిల్లాడు బాత్రూం లైటు ఆర్పలేదని ఇల్లు పీకి పందిరేసే నాన్నగారు, ఆ లైటు పక్కనే ఉన్న గీజరు స్విచ్ పొద్దున ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా ఆన్‌లో ఉంటే పట్టించుకోరు. లైటు ఆర్పండి, తప్పేం లేదు, కానీ బిల్లు తగ్గుతుందని ఎదురుచూడకండి.

అసలు కరెంటు ఎక్కడ పోతోందో తెలియాలంటే ఏదీ కొనక్కర్లేదు, మీటర్ దగ్గరికి వెళ్లండి. చిన్న ఎర్ర లైటు మిణుకుమంటూ ఉంటుంది, పక్కన 3200 అనో ఇంకో అంకో రాసి ఉంటుంది. 3200 అని ఉంటే అన్నిసార్లు మిణికితే ఒక యూనిట్ అని అర్థం. 11 సెకన్లకోసారి మిణికితే ఇంట్లో దాదాపు 100 వాట్లు నడుస్తున్నట్టు.

పోయినేడాది రామమూర్తినగర్‌లో అద్దెకుండే ఒక అక్క, ఇద్దరే ఉంటాం, ఏసీ కూడా లేదు, నెలకు 230 యూనిట్లు ఎలా వస్తున్నాయని పిలిచింది. ఫ్రిజ్ ప్లగ్గు తీశాను, చివరికి మెయిన్ కూడా దించేశాను. కిందికెళ్లి చూస్తే ఆమె మీటర్ మీద లైటు సెకనుకోసారి టకటకా మిణుకుతోంది. అంటే 1100 వాట్ల పైన. వెనకాల సంపులో మోటార్ నడుస్తున్న చప్పుడు వినిపించింది. ఓనర్ గారి మోటార్ వైరు ఆమె మీటర్ దగ్గర కలిపి ఉంది. "ఎవడో పొరపాటున కలిపుంటాడు" అన్నాడాయన, నావైపు చూడకుండా. మూడిళ్ల నీళ్లకు ఆమె ఒక్కతే కరెంటు కట్టింది.

ఇక్కడ గృహజ్యోతి సంగతి చెప్పాలి, అంటే కర్ణాటక ప్రభుత్వం ఇళ్లకు నెలకు 200 యూనిట్ల లోపు ఉచితంగా కరెంటు ఇచ్చే పథకం. ఎందుకంటే 200 దాటితే మొత్తం బిల్లు మన నెత్తినే పడుతుంది, దాటిన 30 యూనిట్లకు మాత్రమే కాదు. లోపలుంటే 2022-23లో మీ నెలవారీ వాడకం సగటుకు 10 శాతం కలిపి ఉచితం, ఆ పైన వాడిన యూనిట్లకే డబ్బులు. అంటే 215 దగ్గర ఉన్న ఇంట్లో 20 యూనిట్లు తగ్గించడం పెద్ద లాభం. ఉచితంలోనే ఉన్న ఇంట్లో 120 నుంచి 100కి తగ్గిస్తే ఊరికి మంచిదే కానీ మీ జేబులో రూపాయి మిగలదు. ఈ మాట ఫ్యాన్లు అమ్మేవాడు చెప్పడు.

అపోహ: 5 స్టార్ గీజరు సగం కరెంటుతో నీళ్లు కాస్తుంది

ఇది చాలా మందికి తెలియని విషయం. 15 లీటర్ల నీళ్లను ఇక్కడి చలికాలంలో 60 డిగ్రీలకు కాచాలంటే ఏ గీజరైనా ముప్పావు యూనిట్‌కు కాస్త తక్కువే తీసుకుంటుంది, ఒక స్టార్ అయినా అయిదైనా. ఆ స్టార్లు చెప్పేది వేరే: కాగిన నీళ్లను వాడకుండా అలాగే ఉంచితే 24 గంటల్లో వేడి ఎంత పోతుందో. లేబుల్ మీదే ఉంటుంది, ఎవరూ చదవరు. మీరు పావుగంట వేసి, స్నానం చేసి ఆపేసేవాళ్లయితే స్టార్ల కోసం ఎక్కువ పెట్టకండి. పొద్దంతా ఆన్‌లో ఉంచే ఇల్లయితే పెట్టండి, కాకపోతే ముందు ఆ అలవాటు మానడం మేలు. "మళ్లీ మళ్లీ కాచడం కంటే ఆన్‌లోనే ఉంచడం ఆదా" అన్నది శుద్ధ అబద్ధం.

కింద స్క్రూ తిప్పితే చాలా గీజర్లలో థర్మోస్టాట్ కనిపిస్తుంది, 60 మీద ఉంటే 50కి పెట్టించండి. స్క్రూ మీరు విప్పకండి, మెయిన్ ఆపి తెలిసినవాళ్లతో చేయించండి. ఇక బోరు నీళ్లున్న ఇంట్లో గీజరు విప్పితే సుద్దముక్కల్లా తెల్లటి పెంకులు దోసిళ్లతో వస్తాయి. దానివల్ల బిల్లు రెట్టింపవుతుందని భయపెడతారు. కాదు, కరెంటు వేడి ఎలాగూ నీళ్లలోకే పోతుంది, ఆలస్యంగా పోతుంది. కాలిపోయేది ఎలిమెంట్, ఖర్చు అక్కడ.

అపోహ: ఏసీ అంటే 5 స్టారే

చెన్నైలో ఉండే మా చెల్లెలికి అదే కొనమన్నాను, ఇక్కడ మాత్రం అందరికీ చెప్పను. లేబుల్ మీది యూనిట్లు ఏడాదికి 1600 గంటలు వాడితే అని లెక్క. బెంగళూరులో మార్చి నుంచి మే దాకా రాత్రికి నాలుగేసి గంటలు వేస్తే 400 గంటలు దాటదు. ఉదాహరణకు రెండు లేబుళ్ల మధ్య తేడా 250 యూనిట్లుంటే, మీకు మిగిలేది దాంట్లో నాలుగోవంతు, యూనిట్ 6 రూపాయలనుకుంటే ఏడాదికి 400 లోపే. ధరలో తేడా 8 వేలుంటే మీరే లెక్కేసుకోండి.

బీఎల్‌డీసీ ఫ్యాన్, అంటే తక్కువ కరెంటు లాగే కొత్తరకం మోటారున్న ఫ్యాన్ మాత్రం మంచి బేరమే, 75 వాట్లు లాగే చోట 30 లాగుతుంది, రోజుకు 12 గంటలు తిరిగే హాల్లో నెలకు 16 యూనిట్లు తగ్గుతాయి. అన్ని గదులకీ ఒకేసారి మార్చకండి, గెస్ట్ రూములో దండగ. పాత రెగ్యులేటర్ తీయించడం మర్చిపోవద్దు. ఇక ప్లగ్గులో పెట్టే "పవర్ సేవర్" డబ్బాలు విప్పి చూశాను, లోపల ఒక కెపాసిటర్, ఒక పచ్చలైటు, అంతే. ఇంటి మీటర్‌కు దాంతో పని లేదు.

అపోహ: సోలార్ పెడితే కరెంటు పోయినా ఇబ్బంది లేదు

సొంత ఇల్లు, నీడ పడని మేడ, నెలకు 300 యూనిట్ల పైన వాడకం ఉంటే పెట్టించుకోండి. కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి, 2024లో వచ్చిన కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు 78,000 సబ్సిడీ ఉంది. కానీ బ్యాటరీ లేని సిస్టమ్ లైన్‌లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. హొరమావులో ఒకాయన మిట్టమధ్యాహ్నం ఫోన్ చేసి, ఎండ మండిపోతుంటే ఇంట్లో ఫ్యాన్ తిరగడం లేదేంటయ్యా, ప్యానెల్ పాడైందా అని ఒకటే కోపం. ప్యానెల్‌కేం కాలేదు సార్, మీ ఇంటి కరెంటు వీధి తీగలోకి వెళ్తే స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది, అందుకే అది ఆగుతుంది అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత బ్యాటరీ ఎంతవుతుందని అడిగాడు.