పాతికేళ్ల హామీ: అబూ సలేం కేసును ఇప్పటికీ నడిపిస్తున్న 2002 నాటి లేఖ

1993 ముంబయి వరుస బాంబు పేలుళ్ల కేసులో దోషి, గ్యాంగ్‌స్టర్ అబూ సలేం విడుదల గొడవ మళ్లీ రాజుకుంది. పాతికేళ్ల గడువు తీరిపోయింది, వదిలిపెట్టండి అని అతను కోర్టుకెక్కాడు. 257 మందిని బలిగొన్న కేసులో దోషికి అసలు పాతికేళ్ల గడువేమిటి, బతికున్నంతకాలం జైల్లోనే ఉండాలి కదా అని జనం అడుగుతున్నారు. 1993 మార్చి 12న ముంబయిలో ఏం జరిగిందో మళ్లీ చెప్పనక్కర్లేదు. ఇవాళ్టి తగాదా అర్థం కావాలంటే 2002 డిసెంబరు దగ్గర ఆగి చూడాలి.

ఆ ఏడాది సెప్టెంబరు 18న సలేం లిస్బన్‌లో పట్టుబడ్డాడు. వెంట సినీ నటి మోనికా బేడీ కూడా ఉంది. దొరకడం వరకు బాగానే ఉంది, ఇక్కడికి రప్పించడమెలా? అప్పటికి మనకూ పోర్చుగల్‌కూ మధ్య నేరస్థుల అప్పగింత ఒప్పందమే లేదు. దానిపై సంతకాలు జరిగింది 2007లో. పైగా మామూలు నేరాలకు మరణశిక్షను పోర్చుగల్ 1867లోనే తీసేసింది. యావజ్జీవానికి కూడా అక్కడి రాజ్యాంగం ఒప్పుకోదు. ఎంత ఘోరం చేసినవాడికైనా అక్కడ 25 ఏళ్లే గరిష్ఠ శిక్ష. ఉరి పడే అవకాశమున్న టాడా (అప్పటి ఉగ్రవాద నిరోధక చట్టం) కేసులో ముద్దాయిని అలాంటి దేశం ఊరికే అప్పగించదు.

అందుకే డిసెంబరు 13న కేంద్రం మన అప్పగింత చట్టాన్ని పోర్చుగల్‌కు వర్తింపజేస్తూ గెజిట్ నోటిఫికేషన్ ఇచ్చింది. నాలుగు రోజుల తర్వాత, 17న, అప్పటి ఉప ప్రధాని, హోం మంత్రి ఎల్.కె. అద్వానీ భారత ప్రభుత్వం తరఫున హామీ ఇచ్చారు. సలేంకు ఉరి వెయ్యం, 25 ఏళ్లకు మించి జైల్లో ఉంచం అన్నవే అందులో ముఖ్యమైన రెండు మాటలు. ఏ కేసుల కోసం అప్పగిస్తారో వాటిలోనే విచారిస్తామని, మూడో దేశానికి పంపబోమని 2003 మేలో మన రాయబారి మరో హామీ ఇచ్చారు. పోర్చుగల్ సుప్రీంకోర్టు 2005 జనవరిలో అప్పగింతకు ఒప్పుకుంది. ఆ నవంబరు 11న సలేంను ముంబయిలో దింపారు.

అంత మెత్తగా ఎందుకు రాశారని ఇప్పుడు తప్పుబట్టేవాళ్లున్నారు. వాళ్లు పశ్చిమ బెంగాల్‌లోని పురూలియా కేసు చూడాలి. 1995 డిసెంబరులో విమానంలోంచి ఆయుధాలు జారవిడిచిన ఆ కేసులో ప్రధాన నిందితుడైన డెన్మార్క్ పౌరుడు కిమ్ డేవీని అప్పగించడానికి డెన్మార్క్ ప్రభుత్వం 2010లో ఒప్పుకున్నా, అక్కడి కోర్టు మరుసటి ఏడాది కాదంది. 2024లోనూ అదే జవాబు. భారత్‌లో చిత్రహింసలు పెట్టే ప్రమాదం ఉందన్నదే వాళ్ల అభ్యంతరం. డేవీ ఇప్పటిదాకా మన కోర్టు బోనెక్కలేదు. సలేం ఎక్కాడు. ముంబయి టాడా కోర్టు 2015లో ఒక బిల్డర్ హత్య కేసులో, 2017లో పేలుళ్ల కేసులో యావజ్జీవం వేసింది. కర్నూలు చిరునామాతో దొంగ పేర్ల మీద పాస్‌పోర్టులు తీసుకున్న కేసులో 2013లో హైదరాబాద్ సీబీఐ కోర్టు కూడా శిక్ష వేసింది. ఇవన్నీ ఆ లేఖ వల్లే సాధ్యమయ్యాయి.

మన పక్షాన కూడా తప్పు జరిగింది. అప్పగింత షరతుల్లో లేని అభియోగాలు కొన్ని మోపారు. దాంతో 2011 సెప్టెంబరులో లిస్బన్ అప్పీలు కోర్టు అప్పగింతనే రద్దు చేసింది. ఆ తీర్పు మనకు వర్తించదని మన సుప్రీంకోర్టు చెప్పినా, 2013లో సీబీఐ ఆ అదనపు అభియోగాల్లో కొన్నిటిని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఇంత జరిగాక కూడా, అద్వానీ హామీకి కోర్టులు కట్టుబడనక్కర్లేదని 2022లో సీబీఐ వాదించింది. సుప్రీంకోర్టు ఊరుకోలేదు. హోం శాఖ కార్యదర్శి చేతే అఫిడవిట్ వేయించింది. హామీకి ప్రభుత్వం కట్టుబడి ఉందని, అయితే గడువు 2030 నవంబరు 10 దాకా ఉంది కాబట్టి ఇప్పుడే ఆ ప్రస్తావన అక్కర్లేదని ఆయన రాసిచ్చారు.

ఈ మాట నిలబెట్టుకోవడం సలేం మీద జాలితో కాదు. బ్యాంకు మోసం కేసులో పరారైన వజ్రాల వ్యాపారి మెహుల్ చోక్సీని పంపమని బెల్జియంను అడిగిన కేంద్రం, 2025లో మళ్లీ ఇలాంటి లేఖే రాసింది. ముంబయి ఆర్థర్ రోడ్ జైల్లో 12వ నంబరు బ్యారక్, మనిషికి కనీసం మూడు చదరపు మీటర్ల చోటు, దూది పరుపు, దిండు, దుప్పటి అని అన్నీ విప్పి చెప్పింది. ఆ అక్టోబరులో ఆంట్వెర్ప్ అప్పీలు కోర్టు అప్పగింతకు సరేనంది. పాత లేఖను చెత్తబుట్టలో పడేసిన దేశం రాసే కొత్త లేఖను ఏ జడ్జి నమ్ముతాడు?

ఇక సలేం లెక్క సంగతి. విచారణ ఖైదీగా ఉన్న కాలం, శిక్ష పడ్డాక గడిచిన కాలం, దానికి తోడు సత్ప్రవర్తనకు ఇచ్చే మూడేళ్ల పైచిలుకు రెమిషన్ (శిక్షలో తగ్గింపు), ఇవన్నీ కలిపి పాతికేళ్లు నిండాయంటున్నాడు. 2025 జులైలో బాంబే హైకోర్టు పిటిషన్‌ను విచారణకు తీసుకుంటూనే, పైకి చూస్తే పాతికేళ్లు నిండినట్లు లేదంది. లిస్బన్‌లో అరెస్టయిన రోజు నుంచి లెక్కగట్టాలన్న వాదనను సుప్రీంకోర్టు 2022 జులై 11 నాటి తీర్పులోనే కొట్టేసింది. అక్కడ గడిపిన కాలం అక్కడే వేరే కేసులో పడిన శిక్ష కిందికే పోతుంది. మన లెక్క 2005 అక్టోబరు 12 నుంచి మొదలవుతుందని ఆ తీర్పు తేల్చింది. పాతికేళ్లు నిండిన నెల లోపు శిక్ష తగ్గింపు కోసం కేంద్రం రాష్ట్రపతికి ఫైలు పంపాలని, లేదంటే అదే నెలలో తన అధికారంతో తానే శిక్ష తగ్గించవచ్చని కూడా చెప్పింది. ఆ లెక్కన ఫైలు కదలాల్సింది 2030 అక్టోబరు, నవంబరు నెలల మధ్య.