పక్కపక్కనే ఆసుపత్రులు, తలో పాలన

2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలో ఆక్సిజన్ ప్రెషర్ పడిపోయింది. శ్రీపెరుంబుదూరు నుంచి రావాల్సిన ట్యాంకర్ ఆలస్యమైంది. ప్రభుత్వ లెక్క ప్రకారమే 11 మంది కొవిడ్ రోగులు చనిపోయారు. తర్వాత చర్చంతా ట్యాంకర్ చుట్టూ, సరఫరాదారు చుట్టూ తిరిగింది. ప్రెషర్ తగ్గుతోందని వార్డులో గమనించినవాళ్లు ఎవరికి చెప్పాలి, అర్ధరాత్రి అయినా నిర్ణయం తీసుకునే అధికారం ఎవరికుంది అన్న ప్రశ్న వెనక్కి పోయింది. ఆ ప్రశ్నకు చాలా పాత చరిత్ర ఉంది.

రుయా, స్విమ్స్, ఎముకల ఆసుపత్రి బర్డ్ దాదాపు పక్కపక్కనే ఉంటాయి. పల్లె నుంచి వచ్చే రోగికి మూడూ పెద్దాసుపత్రులే. 1960లో మొదలైన ఎస్వీ వైద్య కళాశాలకు అనుబంధం కాబట్టి రుయా వైద్య విద్య శాఖ కింద నడుస్తుంది. బర్డ్ 1985లో టీటీడీ పెట్టింది. టీటీడీ అండతోనే వచ్చిన స్విమ్స్ 1995లో విశ్వవిద్యాలయమైంది. జిల్లా, ఏరియా ఆసుపత్రుల కోసం 1986 చట్టంతో వైద్య విధాన పరిషత్తు వచ్చింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలది (పీహెచ్‌సీలు) మళ్లీ ప్రజారోగ్య శాఖ. అంటే కేసు పీహెచ్‌సీ నుంచి రుయాకు చేరేలోపు శాఖలే మారిపోతాయి.

లోపల కూడా అంతే. సూపరింటెండెంట్ సాధారణంగా సీనియర్ ప్రొఫెసర్. ఆపరేషన్ థియేటర్‌లో ఆయనకు తిరుగుండదు, కానీ బడ్జెట్, టెండర్లు ఎవరూ నేర్పి ఉండరు. నర్సుల బదిలీలు పై ఆఫీసులో తేలతాయి. పారిశుద్ధ్యం, సెక్యూరిటీ ఏజెన్సీలవి. రాత్రి రెండింటికి వార్డులో వాంతి శుభ్రం చేయించాలంటే నర్సు ఏజెన్సీ సూపర్‌వైజర్‌కు ఫోన్ కొట్టాలి. ఆయన ఎత్తకపోతే తడిగుడ్డ ఆమే పట్టుకుంటుంది. పని ఒకరి కింద, జీతం ఇంకొకరి చేతిలో!

వీటన్నిటికంటే బరువైనది మెమో భయం, అంటే సంజాయిషీ అడుగుతారన్న భయం. 1990లలో అమెరికాలో ఏమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు మందుల పొరపాట్లను పరిశీలించారు. మంచి బృందాల్లో తక్కువ ఉంటాయనుకుంటే, రికార్డుల్లో ఎక్కువే కనిపించాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేస్తున్నారని కాదు, చెప్పడానికి భయపడటం లేదని ఆమె తేల్చారు. ఇంగ్లండ్‌లో మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రిపై 2013లో వచ్చిన ఫ్రాన్సిస్ నివేదికది దీనికి రెండో వైపు: యాజమాన్యం ఖర్చులు, లక్ష్యాల వెంట పడితే, రోగుల గోడు, సిబ్బంది మాట పైకి చేరలేదు.

మన దగ్గర డోసు తప్పిందని రాసిన స్టాఫ్ నర్సుకు ముందు అందేది సంజాయిషీ నోటీసు. ఇక ఎవరు రాస్తారు?

ప్రభుత్వ ఆసుపత్రులకు 2013లో జాతీయ నాణ్యతా ప్రమాణాలు, 2015లో కాయకల్ప వచ్చాయి. కాయకల్పతో శుభ్రతకు మార్కులు, అవార్డులు మొదలయ్యాయి, అది మంచిదే. నాణ్యతా ప్రమాణాల చెక్‌లిస్టులో ప్రమాద ఘటనల నమోదు కూడా ఉంది. అయితే ఆ రిజిస్టరూ, మెమో ఫైలూ ఒకే టేబుల్ మీదికి వెళ్తున్నంతకాలం రిజిస్టర్ ఖాళీగా ఉండటం చూసి మార్కులు వేయడం నాకైతే అర్థం కాదు.