అన్నదమ్ములైతే మాత్రం?

విజయవాడ

చిరంజీవులు పెద్దాడికీ, అమ్మడికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు భోజనాల దగ్గర ఉక్రెయిన్ యుద్ధం మీద మీరిద్దరూ పోట్లాడుకున్నారు, గుర్తుందా? "తప్పంతా రష్యాదే" అంది అమ్మడు. "అసలు ఉక్రెయిన్ వాళ్లూ రష్యా వాళ్లే. అమెరికా మధ్యలో దూరి పుల్లలు పెట్టింది" అన్నాడు పెద్దాడు. తీర్పు చెప్పమన్నట్టు ఇద్దరూ నా వంక చూశారు. నేను పెరుగు కలుపుకుంటూ "తర్వాత చెప్తాలే" అని దాటేశాను. పెద్దాడన్న మాట నేనూ చాలా ఏళ్లు నమ్మిందే. దాన్ని ఎలా వదులుకున్నానో రెండు ముద్దల మధ్య చెప్పేది కాదు. అందుకని రాస్తున్నాను. తీరిగ్గా చదవండి.

నాకు మీ వయసున్నప్పుడు మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు మన ఊళ్లలో దొరికేవి. గట్టి అట్ట, రంగు బొమ్మలు, చవక ధర. అన్నిటినీ కలిపి "రష్యా పుస్తకాలు" అనేవాళ్లం. 'సోవియట్ భూమి' పత్రిక కూడా వచ్చేది. చదవడం అయ్యాక దాని నున్నటి కాగితాలతో స్కూలు పుస్తకాలకు అట్టలు వేసుకునేవాళ్లం. ఆరో తరగతిలో నా లెక్కల పుస్తకానికి వేసిన కాగితం మీద గోధుమ చేలో బారులు తీరిన కోతయంత్రాలు, తలకు గుడ్డ కట్టుకుని నవ్వుతున్న ఒకావిడ. కింద చిన్న అక్షరాల్లో "ఉక్రెయిన్‌లో ఒక సమష్టి క్షేత్రం" అని ఉండేది. ఏడాది పొడుగునా ఆ బొమ్మ చూశాను. రష్యా, ఉక్రెయిన్ లాంటి రిపబ్లిక్కులు కలిస్తే సోవియట్ యూనియన్ అని తెలియక, ఉక్రెయిన్ అంటే రష్యాలో ఒక జిల్లా కాబోలనుకున్నాను. గగారిన్‌ని అంతరిక్షంలోకి పంపిన రాకెట్‌కు రూపమిచ్చిన కొరొల్యోవ్ జితోమిర్‌లో పుట్టాడనీ, గొగోల్‌ది పొల్తావా ప్రాంతమనీ, ఆ రెండూ ఉక్రెయిన్‌లోనివేననీ మాకెవరూ చెప్పలేదు. రష్యా అనే ఒక్క మాట అందరినీ మింగేసింది.

ఆ మాట దగ్గరే ఉందర్రా అసలు తగాదా. 2021 జులైలో, అంటే పెద్ద యుద్ధానికి ఏడు నెలల ముందు, పుతిన్ ఒక పొడుగాటి వ్యాసం రాశాడు. రష్యన్లూ ఉక్రేనియన్లూ ఒకే జనం అన్నది దాని సారం. వినడానికి ఎంతో ప్రేమగా ఉంటుంది. కానీ "నువ్వూ నేనూ ఒకటే" అనే మాట ఇద్దరూ అనుకుంటే ప్రేమ. ఒకడే అని, రెండోవాడు కాదంటే వాడి ఇంటి మీద పడితే, అది వేరే.

ఒకే చెట్టు నుంచి వచ్చిన మాట నిజమే. వెయ్యేళ్ల కిందట కీవ్ రాజధానిగా 'రుస్' అనే రాజ్యం ఉండేది. దాని రాజు 988లో క్రైస్తవం తీసుకున్నాడు. ఆయన్ని రష్యన్లు వ్లదీమిర్ అంటారు, ఉక్రేనియన్లు వొలొదీమిర్ అంటారు. ఇద్దరూ మా రాజే అంటారు. ఇప్పుడు తలపడ్డ ఇద్దరు నాయకుల పేర్లూ అవే, చూడండి: వ్లదీమిర్ పుతిన్, వొలొదీమిర్ జెలెన్‌స్కీ. అప్పటికి మాస్కో లేదు. దాని పేరు చరిత్రలో మొదట కనిపించేది 1147లో. మనకీ ఇలాంటివి ఉన్నాయి. కృష్ణదేవరాయలు మనవాడని మనం అంటాం, తమవాడని కన్నడిగులంటారు. లిపి కూడా ఒకే తల్లి నుంచి వచ్చింది. బెంగుళూరు బస్సు మీద బోర్డు కూడబలుక్కుని చదవగలం. అంతమాత్రాన కన్నడం అనే భాషే లేదు, అది చెడిపోయిన తెలుగు అని ఎవరైనా అంటే వాళ్లకెలా ఉంటుంది?

ఉక్రేనియన్ల విషయంలో సరిగ్గా ఆ మాటే అన్నారు, చట్టంగా అన్నారు. 1863లో రష్యా చక్రవర్తి మంత్రి వలూయెవ్ ఒక ఉత్తర్వు పంపాడు. అలాంటి ప్రత్యేక భాష లేదు, లేనే లేదు, ఉండబోదు అన్న మాట అందులో ఉంది. 1876లో ఆ భాషలో పుస్తకాల అచ్చు దాదాపుగా ఆగిపోయేలా నిషేధం పెట్టారు. బయటి నుంచి తెప్పించుకోవడం కూడా నేరమే. అంతకు ముందే తరాస్ షెవ్చెంకో అనే కవి ఉన్నాడు. వెట్టి రైతు కుటుంబంలో పుట్టాడు. అతని బొమ్మలు చూసి ముచ్చటపడ్డ చిత్రకారులూ రచయితలూ డబ్బు పోగుచేసి యజమాని దగ్గర్నుంచి విడిపించారు. ఆ పని చేసినవాళ్లలో పేరున్న రష్యన్లున్నారు, ఇది మరిచిపోకండి. తర్వాత 1847లో జారు, అంటే రష్యా చక్రవర్తి, ప్రభుత్వం అతన్ని సైనికుడిగా దేశాంతరం పంపింది. రాయకూడదు, బొమ్మలు వేయకూడదు అని జారు స్వయంగా తన చేత్తో కలిపి రాశాడు. అమ్మడూ, నువ్వు బొమ్మలేస్తావు కదా, పదేళ్లు పెన్సిలు పట్టుకోవద్దంటే ఏమవుతావో ఆలోచించు.

ఇక నా లెక్కల పుస్తకం అట్ట సంగతి. ఆ సమష్టి క్షేత్రాలు ఎలా వచ్చాయో నాకు నడివయసులో తెలిసింది. 1930 ప్రాంతంలో స్టాలిన్ ప్రభుత్వం రైతుల భూములు, పశువులు లాక్కుని సమష్టి సేద్యంలో కలిపింది. ఉక్రెయిన్ నల్లమట్టి ప్రపంచంలోకెల్లా సారమైన నేలల్లో ఒకటి. ఆ నేల మీద 1932–33లో జనం ఆకలితో చచ్చారు. వాన కురవక కాదు. ధాన్యం కోటా నిండలేదని ఇళ్లల్లో గింజ మిగలకుండా ఊడ్చుకుపోయారు. కోసిన చేలో పరిగె ఏరుకోవడం కూడా రాజ్యం సొత్తు దొంగిలించడమే. పదేళ్ల జైలు, లేదా మరణశిక్ష. 1933 జనవరిలో రైతులు ఊళ్లు దాటి పోకుండా ఉత్తర్వు వేశారు. ఉక్రెయిన్‌లో పోయినవాళ్లు 35 లక్షల నుంచి 50 లక్షల దాకా ఉంటారని చరిత్రకారుల లెక్కలు. కజక్‌లు, వోల్గా తీరపు రష్యన్లు కూడా ఆ కరువులో లక్షల్లో పోయారు. మా తాత పొలంలో పరిగె ఏరుకునే ఆడవాళ్లని చూస్తూ పెరిగినవాణ్ని నేను. ఇది చదివిన రోజు అన్నం ముందు కూర్చోలేకపోయాను. బొమ్మలో నవ్విన ఆవిడ చిన్నతనంలో ఏం చూసిందో అనిపించింది.

సోవియట్ యూనియన్ విడిపోతున్నప్పుడు, 1991 డిసెంబర్ 1న, స్వతంత్రంగా ఉంటారా అని ఉక్రెయిన్ జనాన్ని అడిగారు. నూటికి 90 మందికి పైగా ఉంటామన్నారు. రష్యన్ మాట్లాడేవాళ్లే ఎక్కువగా ఉన్న క్రిమియాలో కూడా సగానికి పైగా అవునన్నారు. అప్పుడు ఉక్రెయిన్ నేల మీద ప్రపంచంలోనే మూడో పెద్ద అణ్వాయుధ గుట్ట ఉంది. 1994లో బుడాపెస్టులో సంతకాలయ్యాయి. ఉక్రెయిన్ ఆ ఆయుధాలు వదులుకుంది. నీ సరిహద్దుల జోలికి రామని రష్యా, అమెరికా, బ్రిటన్ మాటిచ్చాయి. ఇరవై ఏళ్లు తిరక్కుండా, 2014లో, రష్యా క్రిమియాను లాక్కుంది.

పెద్దాడా, ఇప్పుడు నీ అమెరికా సంగతి. నీ మాటలో కొంత పస ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ జనం దాదాపు 2 కోట్ల 70 లక్షల మంది పోయారు. నెపోలియన్ వచ్చిందీ, హిట్లర్ వచ్చిందీ పడమటి నుంచే. అలాంటి దేశానికి అమెరికా ముందుండే సైనిక కూటమి నాటో 1999లో, 2004లో తన వైపు జరుగుతూ వస్తుంటే గుబులు పుట్టడం వింత కాదు. 2008లో బుకారెస్టులో ఉక్రెయిన్‌ని ఎప్పటికైనా చేర్చుకుంటామన్నారు, ఎప్పుడో చెప్పలేదు. రష్యాకు కోపం తెప్పించారు, ఉక్రెయిన్‌కు రక్షణ ఇవ్వలేదు. పిలిచి గడప దగ్గర నిలబెట్టడమంటే అదే. 2003లో ఇరాక్ మీద పడ్డ అమెరికా సరిహద్దుల పవిత్రత గురించి చెప్తే వినేవాడికి మంట పుడుతుంది. క్రిమియా పోయాక కూడా జర్మనీ రష్యా గ్యాసు కొంటూనే ఉంది, కొత్త పైపులైను వేస్తూనే ఉంది. ఇవన్నీ ఒప్పుకుంటాను.

అయినా తూర్పు యూరప్ దేశాలు నాటోలో చేరతామని తలుపు ఎందుకు తట్టాయో కూడా అడగాలి. మాస్కో పెత్తనం అనుభవించినవాళ్లు వాళ్లు. 2013 చలికాలంలో, యూరప్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టనన్న అధ్యక్షుడి మీద కీవ్ మైదాన్‌లో జనం నెలల తరబడి నిలబడ్డారు. వంద మందికి పైగా చనిపోయారు. అమెరికా డబ్బులిస్తే గడ్డకట్టే చలిలో అన్ని రాత్రులు కూర్చుంటారా ఎవరైనా? అది వాళ్ల సొంత కోరిక. మనం దాన్ని అమెరికా ఆడించిన ఆట అనేస్తే, ఉక్రెయిన్ వాళ్లకు బుర్ర లేదన్నట్టే. వాళ్ల చరిత్రలోనూ మచ్చలున్నాయి. 1943లో వొలీన్ ప్రాంతంలో ఉక్రెయిన్ జాతీయవాదుల దళాలు వేలాది పోలిష్ పల్లెజనాన్ని చంపాయి. ఆ ఉద్యమ నాయకుల్ని ఇప్పటికీ వీరులనేవాళ్లు అక్కడున్నారు, అది నాకు మింగుడుపడదు. కానీ ఉక్రెయిన్‌లో నాజీలను తరిమేస్తామంటూ రష్యా వెళ్లింది ఎవరి మీదికి? జెలెన్‌స్కీ యూదుడు. నాజీల చేతుల్లో చనిపోయినవాళ్లున్న కుటుంబం. పుట్టి పెరిగిన భాష రష్యన్. 2019లో నూటికి 73 మంది ఓట్లతో గెలిచాడు.

2022 ఫిబ్రవరి 24 నాకు బాగా గుర్తు. నా స్నేహితుడి మనవడు అప్పుడు ఖార్కివ్‌లో ఎం.బి.బి.ఎస్. చదువుతున్నాడు. మన పిల్లలు వేలల్లో ఉన్నారక్కడ. వారం రోజులు మెట్రో స్టేషన్‌లో నేల మీద పడుకున్నాడు. మార్చి 2న ఖార్కివ్ వెంటనే వదలండి, బండి దొరక్కపోతే నడిచి వెళ్లండి అని మన ఎంబసీ చెప్పింది. ముందు రోజే కర్ణాటక కుర్రాడు ఒకడు షెల్లింగులో పోయాడు. మా స్నేహితుడి మనవడు మంచులో, దగ్గర్లోని పెసొచిన్ అనే ఊరి దాకా నడిచాడు. రైళ్ల దగ్గర, సరిహద్దుల్లో మన పిల్లల్నీ ఆఫ్రికా పిల్లల్నీ వెనక్కి నెట్టిన సంగతి కూడా చెప్పాడు. అది దాచకూడదు.

వాడు అద్దెకున్న ఇంటావిడ రష్యన్ తప్ప మాట్లాడేది కాదట. ఆవిడ చెల్లెలు సరిహద్దుకు అవతల, రష్యాలోని బెల్గొరోద్‌లో ఉంటుంది. మనకి బందరు ఎంత దూరమో దాదాపు అంతే. బాంబులు పడుతున్న మొదటి రోజు ఈవిడ చెల్లెలికి ఫోన్ చేసింది. "మా వాళ్లు ఇళ్ల మీద వెయ్యరక్కా, మీ వాళ్లే వేసుకుంటున్నారు, టీవీలో చెప్పారు" అందిట. ఈవిడ ఫోన్‌ని కిటికీ దగ్గర పట్టుకుని వినమంది. "అయినా వెయ్యరు" అందిట అవతలినుంచి. అన్నదమ్ముల జనం అంటారే, వాళ్లకు జరిగింది ఇదీ.

ఉక్రెయిన్‌లోని మరియుపోల్ సంగతి కూడా చెప్పి తీరాలి. ఆ ఊళ్లోనూ ఎక్కువమంది మాట్లాడేది రష్యనే. జనం పిల్లల్ని తీసుకుని నాటకశాలలో తలదాచుకున్నారు. భవనం ముందూ వెనకా నేల మీద, ఆకాశంలోంచి కనిపించేంత పెద్ద తెల్ల అక్షరాలతో 'ద్యేతి' అని రాశారు. పిల్లలు అని అర్థం. ఉక్రేనియన్ అయితే 'దీతి' అని ఉండేది. పైనున్నవాడు చదువుకోవాలని రష్యన్‌లో రాశారు. మార్చి 16న ఆ భవనం మీద బాంబు పడింది. రష్యా తను వేయలేదంది. మానవ హక్కుల సంస్థ ఆమ్నెస్టీ వాళ్లు విచారించి రష్యా విమానాల పనేనని తేల్చారు. రష్యన్ మాట్లాడేవాళ్లని కాపాడటానికే సైన్యం పంపామన్నారు కదా. నాకు ఆ ఒక్క మాట చాలు, ఎటు నిలబడాలో.

అలాగని అమ్మడూ, రష్యన్లందరినీ ఒక గాటన కట్టకు. సాషా స్కొచిలెంకో అని పీటర్స్‌బర్గ్‌లో చిత్రకారిణి ఉండేది. సూపర్ మార్కెట్లో ధరల చీటీల స్థానంలో అలాంటివే చిన్న చీటీలు పెట్టింది. మరియుపోల్‌లో జనం దాక్కున్న ఆర్ట్ స్కూలు మీద రష్యా సైన్యం బాంబు వేసిందని ఒకదాని మీద ఉంది. దానికి ఏడేళ్ల జైలు వేశారు. 2024 ఆగస్టులో ఖైదీల మార్పిడిలో బయటపడింది. యుద్ధాన్ని యుద్ధం అన్నందుకు జైలుకెళ్లినవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు. కార్డిఫ్‌లో ఒక సంగీత బృందం చైకోవ్‌స్కీ సంగీతాన్ని కచేరీలోంచి తీసేస్తే నాకు నచ్చలేదు. అదే ఉక్రెయిన్ ఊళ్లలో పుష్కిన్ విగ్రహాలు తీసేస్తుంటే మాత్రం, బాంబులు పడుతున్న ఇంట్లోవాళ్లకు నేను నీతులు చెప్పలేను.

మనకి రష్యా రుణం ఉందని మీ నాన్న అంటాడు. ఉంది. విశాఖ ఉక్కు ఊరికే రాలేదు, 1971లో పాకిస్తాన్‌తో యుద్ధంలో తోడు నిలిచిందీ వాళ్లే. అయితే ఆ చెయ్యి సోవియట్ యూనియన్‌ది, అందులో ఉక్రెయిన్ చెయ్యీ ఉంది. మన వాయుసేన నడిపే ఏఎన్-32 విమానాలు కీవ్‌లో తయారైనవే. మీరు గంతులేసే ఆ ఆస్కార్ పాట వెనక కనిపించే నీలి భవనం కూడా కీవ్‌లోదే. హెల్పర్ ఉద్యోగమని చెప్పి రష్యాకు తీసుకెళ్తే, ముందు వరసకు పంపగా చనిపోయిన హైదరాబాదు కుర్రాడి గురించి 2024లో పేపర్లో చదివాం. ఇది ఎక్కడో వాళ్ల గొడవ కాదర్రా.

ఖార్కివ్ ఇంటావిడ ఇప్పటికీ పండగలకు నా స్నేహితుడి మనవడికి మెసేజి పెడుతుంది. ఇదివరకు రష్యన్‌లో పెట్టేది. యుద్ధం మొదలైన ఏడాదిలోనే మానేసి, తప్పులతోనే ఉక్రేనియన్‌లో రాయడం మొదలుపెట్టింది, ఆ వయసులో. వీడికి అక్కడ నేర్పింది రష్యన్. అందుకని ఆవిడ మెసేజి వచ్చినప్పుడల్లా ఒక్కో మాటా వెతుక్కుని, అర్థం రాసుకుని, ఉక్రేనియన్‌లోనే జవాబు పెడుతున్నాడు.

ఉంటాను. జవాబు రాయండి, విడివిడిగా.

మీ తాతయ్య