పాలిఅనిలీన్ ఫిల్మ్: వోల్టేజీ పెంచితే ఛార్జ్ పెరుగుతుందా?

అనంతపురం, కడప వైపు ల్యాబుల్లో ప్రాజెక్టు చేసే పిల్లలు మళ్లీ మళ్లీ అడిగేది ఒకటే: "సార్, పాలిఅనిలీన్ (అనిలీన్ అణువులు గొలుసుగా అతికిన, కరెంటు పారే పాలిమర్) ఫిల్మ్‌ను 0.8 వోల్టుల దాకా తీసుకుపోతే కరెంటులో ఇంకో పీక్ వస్తోంది కదా, విండో (ఫిల్మ్‌కు పెట్టే వోల్టేజీ హద్దులు) పెంచుకోవచ్చా?"

అపోహ: విండో పెంచితే ఎక్కువ ఛార్జ్ నిలుస్తుంది.

కాగితం మీద నిజమే. గొలుసులోని రెండు బెంజీన్ రింగులకు ఒక ఎలక్ట్రాన్ చొప్పున లాగేస్తే లేత పసుపు రూపం ల్యూకోఎమరాల్డిన్ ఆకుపచ్చ రూపం ఎమరాల్డిన్ అవుతుంది. ఆ లోటుకు సరిపడా ఆమ్లంలోని సల్ఫేట్ అయాన్లు ఫిల్మ్‌లోకి దూరతాయి, డిశ్చార్జ్‌లో బయటికి పోతాయి. ఛార్జ్ నిలవడమంటే ఇదే. రెండు రింగుల బరువు 182 కాబట్టి మిల్లీగ్రాముకు 0.53 కూలంబు. పెర్నిగ్రానిలీన్ దాకా, అంటే రెండో మెట్టు కూడా ఎక్కితే లెక్క రెట్టింపు. ఆశ పుట్టేది అక్కడే.

వాస్తవం: పెర్నిగ్రానిలీన్ ఆమ్లంలో బతకదు. నీళ్లు గొలుసులోని ఇమైన్ బంధాన్ని (కార్బన్–నైట్రోజన్ జంట బంధాన్ని) తెంపుతాయి, బెంజోక్వినోన్ ఊడి వస్తుంది. సీవీలో (వోల్టేజీని పైకీ కిందికీ తిప్పుతూ కరెంటు కొలిచే సైక్లిక్ వోల్టామెట్రీలో) 0.2, 0.75 పీకుల మధ్య 0.5 వోల్టుల దగ్గర కొత్త పీక్ లేస్తే అదే ఆనవాలు. ఆ క్వినోన్ కూడా కరెంటు ఇస్తుంది కాబట్టి మొదట్లో ఛార్జ్ పెరిగినట్టే కనిపిస్తుంది. చాలామంది మోసపోయేది ఇక్కడే. తెగిన గొలుసు మళ్లీ అతకదు, నెలల తరబడి చేసిన శాంపిళ్లు పోతాయి.

ఫిల్మ్ చేసే పద్ధతి ఇది (వోల్టులన్నీ సిల్వర్–సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో పోల్చి): 100 మి.లీ. 1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 0.93 గ్రాముల అనిలీన్ వేసి, సెకనుకు 50 మిల్లీవోల్టుల వేగంతో వోల్టేజీని పైకీ కిందికీ నడపండి. ఫిల్మ్ మొలకెత్తడానికి మొదటి ఒకటి రెండు సైకిళ్లు 0.9 దాకా పోవచ్చు. ఆ తర్వాత పై హద్దు 0.8 లోపే. కొలిచేటప్పుడు అనిలీన్ లేని ఆమ్లంలో −0.2 నుంచి 0.6 వరకే.

అపోహ: ఫిల్మ్ నీలమైతే చచ్చినట్టే.

కంగారు పడకండి. మన బోరు నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువ. వాటితో కడిగితే ప్రోటాన్లు ఊడి పచ్చటి ఫిల్మ్ నీలం తిరుగుతుంది, కండక్టివిటీ పడిపోతుంది. 1 మోలార్ ఆమ్లంలో కొన్ని నిమిషాలు ముంచండి. పచ్చబడితే బతికే ఉంది. ఇకమీదట 0.1 మోలార్ ఆమ్లంతోనే కడగండి, బోరు నీళ్లు దగ్గరికి రానీయొద్దు.

మందం పెంచితే అంతా లాభమేననేది ఇంకో మాట. అయాన్లు లోపలికి చేరేందుకు సమయం కావాలి. వేగంగా డిశ్చార్జ్ చేస్తే లోపలి పొర పనికిరాదు. 1 మిల్లీగ్రాము ఫిల్మ్ 0.6 లోపే 1 మిల్లీఆంపియర్‌తో 530 సెకన్లు దాటి నడిచిందంటే ముందు తూకం అనుమానించండి.

ఎండాకాలం సీసాలో గోధుమరంగు తిరిగిన అనిలీన్‌ను అలాగే వాడొద్దు. కొంచెం జింకు పొడి వేసి, వాక్యూమ్‌లో డిస్టిల్ చేసి, ముదురు రంగు సీసాలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి.